నర్సరీ కబుర్లు: ఎండాకాలంలోనూ చేతిలో డబ్బు ఆడాలంటే

(కడియం దగ్గర అత్తింటి నర్సరీలో లెక్కలు, ఆర్డర్లు చూసే గృహిణి మీ ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాకు ఎకరంన్నర నర్సరీ ఉంది. మా ఆయన, మరిది చూసుకుంటారు. వానలు పడ్డప్పటి నుంచి సంక్రాంతి దాకా బేరాలు బాగుంటాయి. మార్చి వచ్చిందంటే కూలీలకు ఇవ్వడానికే టెన్షన్. ల్యాండ్‌స్కేపింగ్ (ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు తోటలు వేసే పని) కూడా మొదలుపెడదామని మరిది పట్టుబడుతున్నాడు. పెట్టమంటారా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పెట్టండమ్మా. అయితే తోట వేసినప్పుడు వచ్చే డబ్బు చూసి మురిసిపోకండి. ఆ తోటను నెలనెలా చూసుకున్నందుకు వచ్చే డబ్బే మీ మార్చి, ఏప్రిల్, మే నెలలను గట్టెక్కిస్తుంది. మొక్కలు కొనేవాళ్లు రాని ఆ మూడు నెలల్లోనే లాన్‌కు రోజూ నీళ్లు కావాలి, కుండీల్లో మట్టి గుల్ల చేయాలి, పిండినల్లికి మందు కొట్టాలి. అందుకే మా ఇంట్లో మెయింటెనెన్స్‌కు ఒప్పుకోని పార్టీకి తోట వెయ్యం. మా మామగారికి ఈ పద్ధతి మొదట్లో నచ్చలేదు, వచ్చిన బేరం పోగొడుతున్నానని గొణిగేవారు. ఇప్పుడు ఆయనే ముందు ఆ మాట అడుగుతారు.

మొక్క చచ్చిపోతే మార్చి ఇస్తామని ఊరికే మాట ఇచ్చెయ్యకండి. బోరు ఎండిపోయి చచ్చిన మొక్క ఎవరి ఖాతా, గేదె మేసినది ఎవరి ఖాతా అన్నది ముందే కాగితం మీద ఉండాలి. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు నీళ్లు పెట్టడం మానేసి, ఎండిన మొక్కలు చూపించి మా ఆఖరి బిల్లు ఆపేశారు.

ఇక నర్సరీకి ఎండాకాలం ఖాళీ అనుకోవడం నాకు మింగుడుపడదు. అమ్మకం లేకపోవచ్చు గానీ పని ఉంటుంది. మామిడి టెంకలో మొలకెత్తే శక్తి ఎక్కువ రోజులు ఉండదు, పండ్లు వచ్చే రోజుల్లోనే తెచ్చి వేసుకోవాలి. అవి మొక్కలైతేనే తర్వాత అంటు కట్టేది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కవర్లు నింపుకోవడం, చిరిగిన షేడ్‌నెట్ మార్చడం వానలకు ముందే అయిపోవాలి. చామంతి సంగతి కూడా అంతే. పగటిపొద్దు తగ్గితేనే మొగ్గ తొడుగుతుంది కాబట్టి డిసెంబరు పూలకు కొమ్మలు జూన్, జూలైలోనే నాటాలి. అప్పటికి తల్లిమొక్కలు బతికి ఉండాలంటే మే నెలంతా వాటిని కాపాడుకోవాల్సిందే.

అడక్కపోయినా ఒకటి చెబుతాను. మీ మరిదికి నెల జీతం రాయండి. ఇంటి మనిషే కదా, కావాలంటే గల్లాపెట్టెలోంచి తీసుకుంటాడులే అనుకునే ఇళ్లలోనే కుర్రాళ్లు హైదరాబాద్ ఉద్యోగాలకు పోతున్నారు. మీ ఆయనకూ రాయండి. మీరు లెక్కలు చూస్తుంటే మీకూనూ.

ప్రశ్న: హైదరాబాద్‌లో గార్డెన్ పనులు చేస్తాను. విల్లా వాళ్లు ప్రహరీ పక్కన త్వరగా పెరిగే కోనోకార్పస్సే కావాలంటున్నారు. నేను కాదంటే ఇంకొకరు వేస్తారు. ఏం చేయను?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ ఇంకొకరినే వెయ్యనివ్వు తమ్ముడూ, నువ్వు వెయ్యకు. వేర్లు పైపులైన్లలోకి పాకితే ఫోన్ వచ్చేది మొక్క నాటినవాడికే. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఈ మొక్కను నిషేధించింది కూడా. మేము పెంచడం మానేశాం. నిటారుగా పెరిగే అశోకను కాస్త పెద్ద సైజువి పెట్టి చూపించు. స్థలం ఉంటే పొగడ వెయ్యి, నిదానంగా పెరుగుతుంది గానీ నీడా, పూలవాసనా రెండూ ఇస్తుంది.

ప్రశ్న: నర్సరీతోపాటు ల్యాండ్‌స్కేపింగ్ కూడా మొదలుపెడుతున్నాం. మొక్కలకు పన్ను లేదంటారు, మా ఆడిటర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించమంటున్నాడు. ఎందుకు?
- ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మొక్కల మీద జీఎస్టీ లేదు, నిజమే. మొక్కలు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ల్యాండ్‌స్కేపింగ్ పని సర్వీసు కిందకు వస్తుంది, దానికి 18 శాతం. ఆ పని మొదలుపెట్టాక ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, ఆ లెక్కలో పన్ను లేని మొక్కల అమ్మకం కూడా కలుపుతారు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆదాయపు పన్ను వేరే సంగతి. మీ నర్సరీలో పెంచిన మొక్కల మీద వచ్చినది వ్యవసాయ ఆదాయమే. బయట కొనుక్కొచ్చి అలాగే అమ్మినవి వ్యాపారం. రెంటికీ వేర్వేరు పుస్తకాలు పెట్టండి, ఆడిటర్ మాట వినండి.