పాఠకుడి దగ్గర ఉన్నది ఒకే కిటికీ

చిరంజీవికి ఆశీస్సులు.

సాఫ్ట్ టాప్ వాహనాల్లో, అంటే మడిచే మెత్తని పైకప్పు ఉన్న వాహనాల్లో, పాడైన ప్లాస్టిక్ కిటికీలను బాగుచేయడం గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి తీరిగ్గా కుర్చీలో కూర్చుని చదివాను. రెండోసారి, చేతిలో గుడ్డ పట్టుకుని మసకబారిన కిటికీ ముందు నిలబడ్డ మనిషినని అనుకుంటూ చదివాను. మొదటి చదువులో హాయిగా సాగింది. రెండో చదువులో మూడో పేరా దగ్గర గుండె గతుక్కుమంది.

‘మెత్తని గుడ్డతో పాలిష్‌ను మృదువుగా రుద్దాలి’ అన్నావు. నాలుగు వాక్యాలు గడిచాక, ‘అంతకంటే ముందు దుమ్ము పోయేలా కడగడం మరవకూడదు’ అన్నావు. నీ వ్యాసాన్ని పక్కన పెట్టుకుని పని చేసేవాడు ఆ వాక్యం దాకా వచ్చేసరికి, ఇసుక రేణువులను గుడ్డ కింద పెట్టి కిటికీనంతా రుద్దేసి ఉంటాడు. ఆ షీటు గాజు కాదు. మెత్తని వినైల్. దుమ్ముతో రుద్దితే గీతలు పడటానికి నిమిషం చాలు.

ఈ తప్పు నేనూ చేశాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, కడగమని చెప్పకుండానే తుడవమని రాశాను. ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. నేను చెప్పినట్లే చేశాడట. ఎండ పడితే చాలు, కిటికీ నిండా వలయాలే కనిపిస్తున్నాయట. కోపం లేని ఉత్తరం అది. అందుకే ఇప్పటికీ గుర్తుంది. నాకు వ్యాసాలు ఎన్నయినా ఉండవచ్చు, అతని దగ్గర ఉన్నది ఒకే కిటికీ.

ఈ విషయంలో మన భాషే నీకు సాయం చేస్తుంది. తెలుగు వాక్యంలో సమాపక క్రియ చివర వస్తుంది. అసమాపక క్రియలు దాని ముందు వరుసగా నడుస్తాయి. ‘ధారగా నీళ్లు పోసి, సబ్బునీటితో అరచేత్తో నిమిరి, మళ్లీ కడిగి, నీడలో ఆరనిచ్చి, అప్పుడు పాలిష్ పూయాలి.’ పని జరిగే వరుసలోనే వాక్యం నడుస్తోంది చూడు. హెచ్చరికకూ ఇదే పద్ధతి. ‘అమ్మోనియా ఉన్న గాజు క్లీనరు, పెట్రోలు, ఎసిటోన్ ఈ షీటును పాడుచేస్తాయి కాబట్టి సబ్బునీళ్లే వాడాలి’ అని రాయి. కారణం ముందుంటే చేయి దానంతట అదే ఆగుతుంది.

పసుపు రంగు గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం, ‘పాలిష్‌తో పోతుంది’ అని. అది నిజం కాదు. వినైల్ అంటే పి.వి.సి. ప్లాస్టికే. అది స్వభావరీత్యా గట్టి పదార్థం. దాన్ని వంగేలా చేయడానికి మెత్తదనం ఇచ్చే రసాయనాలు కలుపుతారు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే అవి మెల్లగా బయటికి పోతాయి. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్‌నే విరగగొడతాయి. షీటు పచ్చబడుతుంది, పెళుసవుతుంది. ఆ పసుపు లోపలి నుంచి వచ్చింది. పాలిష్ తీసేది పైపొరలోని మసకనూ సన్నని గీతలనూ మాత్రమే. గీత మీద గోరు ఆడించి చూడమని చెప్పు. గోరు జారిపోతే పాలిష్‌కు లొంగుతుంది, తట్టుకుంటే లోతైనది. లోతైన వాటికి 2000, ఆ తర్వాత 3000 నంబరు గరుకు కాగితాన్ని తడిపి రుద్దేవాళ్లున్నారు. ఆ షీటు మందం చాలాసార్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రుద్దిన చోట పల్చబడి, అవతలి దృశ్యం అలలుగా వంకర తిరుగుతుంది. తొలిసారి చేసేవాడికి నేనైతే దాన్ని సూచించను. నువ్వు సూచించదలచుకుంటే ఈ నష్టం చెప్పిన తర్వాతే సూచించు.

పగుళ్ల భాగం నీ వ్యాసానికి ప్రాణం కావాలి. దాన్నే హడావుడిగా దాటేశావు. పగులు ఎందుకు పాకుతుంది? దాని కొస సూదిలా ఉంటుంది, లాగుడంతా అక్కడికే చేరుతుంది. అందుకే కొస దగ్గర చిన్న గుండ్రని రంధ్రం చేస్తారు. గుండ్రని అంచు మీద లాగుడు చెదిరిపోయి పగులు అక్కడ ఆగుతుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా జాగ్రత్తలు పాఠకుడే ఊహించుకుంటాడు. అతుకు మూలలను గుండ్రంగా కత్తిరించడం ఎందుకో కూడా అతనికి తడుతుంది: కోణంగా ఉన్న మూల ముందు లేస్తుంది. ‘ఏదైనా మంచి జిగురు’ అని మాత్రం రాయకు. సూపర్ గ్లూ ఎండాక రాయిలా గట్టిపడుతుంది, వంగే షీటు మీద విరుగుతుంది, చుట్టూ తెల్లని పొగలాంటి మరక వదులుతుంది. వినైల్ కోసమే చేసిన జిగురు రెండు ముక్కల ఉపరితలాలనూ కాస్త కరిగించి కలుపుతుంది. పారదర్శక టేపు దారిలో వర్షం పడితే ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతే.

చలి గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు. చల్లబడిన వినైల్ గట్టిపడుతుంది, అప్పుడు టాపు మడిస్తే ఫట్‌మని పగులుతుంది. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 కారులో వెనుక కిటికీ ప్లాస్టిక్‌దే. టాపు దించే ముందు జిప్పు తీసి దాన్ని పరిచేవారు, మడత పడకుండా. 1998లో వచ్చిన రెండో తరానికి గాజు కిటికీ అమర్చారు. ఇలాంటి ఉదాహరణ ఒకటి ఉంటే, సలహా నీ సొంత భయం కాదని పాఠకుడికి తెలుస్తుంది.

ఉపమానాల సంగతి. ‘కాలం చేసిన గాయంలా ఆ గీత’ అన్నావు. కొట్టేశాను, నొచ్చుకోకు. అది పాఠకుడి చేతికి ఏమీ చెప్పదు. కొత్త షీటు కుట్టేటప్పుడు కుట్లు దగ్గరదగ్గరగా వేస్తే, ఆ వరుస తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా మారి అక్కడే చిరుగుతుందని రాశావు. అది అద్భుతంగా ఉంది. చదువుతుంటేనే నా వేళ్లు ఆ బిళ్లను చింపాయి. దాని పక్కనే ఇంకో మాట చేర్చు: వినైల్‌లో సూది చేసిన రంధ్రం పూడదు, గుడ్డలా సర్దుకోదు, కాబట్టి గుండుసూదులు గుచ్చకుండా రెండువైపులా అంటుకునే టేపుతో నిలపాలి.

‘పారదర్శక ఫలకం’ అన్న మాట మార్చు. ఆ పని చేసే వాళ్లెవరూ అలా అనరు. షీటు అంటారు, షీటు అనే రాయి.

బాగుచేయకుండా మార్చేయాల్సిన కిటికీ ఏదో కూడా చెప్పాలి. ఏ మాత్రం వంచినా కొత్త పగులు వస్తోందంటే మెత్తదనం పూర్తిగా పోయినట్లే. దాని మీద అతుకు వేసినా, పక్కనే ఇంకో పగులు పుడుతుంది. ఈ మాట రాయడానికి నువ్వు జంకావనిపించింది, మరమ్మతు వ్యాసంలో మరమ్మతు వద్దనడం ఎలాగని. నిస్సంకోచంగా రాయి. వెనుక వచ్చే వాహనం కనిపించని కిటికీతో ఎవరూ బండి నడపకూడదు.

పగుళ్ల భాగం ఒక్కటే ముందు తిరగరాసి పంపు. పాత టాపు నుంచి తీసిన పగిలిన షీటు ముక్క నా దగ్గర ఉంది. నీ వాక్యాలు ఒక్కొక్కటే చదువుతూ, అవి చెప్పినంతే చేస్తూ అతుకు వేస్తాను. ఎక్కడ చేయి తడబడితే అక్కడ గీత గీసి, ఆ ముక్కతో పాటే నీకు తిప్పి పంపిస్తాను.