ఆరో నెలలో ప్రాజెక్టు పోయింది... ఈడీడీ డబ్బు ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. మావారిది హెచ్-1బి, నాది హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద పని చేసే అనుమతి). 2024 ఫిబ్రవరి నుంచి ఒక కన్సల్టెన్సీ తరఫున డబ్ల్యూ-2 మీద, అంటే వాళ్ల జీతం మీద ఉద్యోగిగా, క్యూఏ టెస్టర్‌గా చేశాను. నెలకు 8,000 డాలర్ల దాకా వచ్చేది. కడుపుతో ఉన్నానని లీడ్‌కి చెప్పిన రెండు వారాలకే, 2025 జూన్ 27తో ప్రాజెక్టు ఆపేశారు. నవంబర్ 10న డ్యూ డేట్. గర్భవతినని తెలిస్తే నిరుద్యోగ భృతి ఇవ్వరని ఫ్రెండ్స్ అంటున్నారు. కాంట్రాక్టర్లకు డిసెబిలిటీ (పని చేయలేని కాలానికి రాష్ట్రం ఇచ్చే భృతి) రాదని కన్సల్టెన్సీ వాళ్లు తేల్చేశారు. డాలస్‌లో ఉండే మా అక్కకు పురిటి సమయంలో పైసా రాలేదు. పైగా గవర్నమెంటు డబ్బు తీసుకుంటే గ్రీన్ కార్డుకు దెబ్బని మామగారి భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ. ఏం చేయమంటారు?

జవాబు: మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు కానీ, ఒక పని మాత్రం ఈ రోజే చేసేయండమ్మా. ఈ భృతులన్నీ ఇచ్చే కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఈడీడీ. దాని వెబ్‌సైట్‌లోకి వెళ్లి నిరుద్యోగ భృతికి, అంటే యూఐకి అప్లై చేయండి. మీరు ఏ వారంలో అప్లై చేస్తే ఆ వారం ఆదివారం నుంచే క్లెయిమ్ మొదలవుతుంది. గట్టి కారణం ఉంటే తప్ప వెనక తేదీ ఇవ్వరు. జూన్ 27 నుంచి ఇప్పటికే రెండు వారాలు గడిచిపోయాయి. మీ ఫ్రెండ్స్ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ వాళ్ల మాట విని ఇంకో వారం పోగొట్టుకోకండి.

గర్భవతి అయినంత మాత్రాన యూఐ ఆపరు. వాళ్లు చూసేది పని చేయగలరా, పని దొరికితే చేరతారా, వెతుకుతున్నారా అన్నదే. ఆరో నెలలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని టెస్టింగ్ చేయగలిగితే మీరు పని చేయగలిగినట్టే. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. డబ్బు కోసం రెండు వారాలకోసారి నింపే సర్టిఫికేషన్‌ ఫారంలో అనారోగ్యం వల్ల పని చేయలేని రోజులున్నాయా అని అడుగుతారు. ఏ రోజైనా వాంతులతో మంచం దిగలేకపోతే ఆ రోజు చేయలేనని నిజమే రాయండి. మహా అయితే ఆ రోజుకు ఏడో వంతు తగ్గుతుంది. అబద్ధం చెప్పి దొరికితే తీసుకున్నది తిరిగి కట్టడమే కాదు, దాని మీద 30 శాతం జరిమానా కూడా పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈడీడీ దగ్గర మీకు పనికొచ్చే పథకాలు మూడున్నాయి: ఉద్యోగం లేనప్పుడు యూఐ, పని చేయలేనప్పుడు ఎస్‌డీఐ, బిడ్డతో గడపడానికి పీఎఫ్ఎల్. వాటి షరతులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి కాబట్టే జనం తికమక పడతారు. యూఐ కావాలంటే ‘నేను పని చేయగలను’ అనాలి. డిసెబిలిటీ, అంటే ఎస్‌డీఐ కావాలంటే ‘నేను పని చేయలేను, ఇదిగో డాక్టరు కాగితం’ అనాలి. ఒకే రోజు రెండు మాటలూ అనలేరు, అందుకే ఒకే కాలానికి రెండూ తీసుకోకూడదు. కానీ ఒకదాని తర్వాత ఒకటి తీసుకోవచ్చు. ఎస్‌డీఐకి అప్లై చేసేటప్పుడు ఉద్యోగంలో ఉండి తీరాలన్న రూల్ లేదు. ఉద్యోగం చేస్తూ గానీ, వెతుకుతూ గానీ ఉన్న సమయంలో పని చేయలేని స్థితి వచ్చి ఉంటే చాలు. వెతుకుతున్నారు అనడానికి మీ యూఐ క్లెయిమ్ కంటే మంచి సాక్ష్యం ఏముంటుంది? ఏ కంపెనీకి ఎప్పుడు అప్లై చేశారో ఒక షీట్‌లో రాసుకుంటూ ఉండండి.

కన్సల్టెన్సీ వాళ్ల మాట సంగతి మీ పే స్టబ్బే (జీతం చీటీ) తేలుస్తుంది. అందులో సీఏ ఎస్‌డీఐ అని కటింగ్ ఉందా? డబ్ల్యూ-2 మీద కాలిఫోర్నియాలో పని చేశారు కాబట్టి ఉండాలి. మీరు చేసింది ప్రాజెక్టు కాంట్రాక్టే అయినా, చట్టం లెక్కలో మీరు ఉద్యోగి. 1099 మీద, అంటే సొంత కాంట్రాక్టర్‌గా చేసి ఉంటే కథ వేరు. కొన్ని పెద్ద కంపెనీలు రాష్ట్ర పథకం బదులు సొంత పథకం నడుపుతాయి, అక్కడ స్టబ్‌లో వీపీడీఐ అని ఉంటుంది. అలా ఉంటే క్లెయిమ్ కంపెనీ పథకం ద్వారా వేయాలి.

ఆ కటింగ్ 2024లో 1.1 శాతం, 2025లో 1.2 శాతం. నెలకు 8,000 లెక్కన మీ జీతంలోంచి ఇప్పటిదాకా 1,544 డాలర్లు పోయాయి. ఎస్‌డీఐలో కంపెనీ వాటా లేదు, మొత్తం ఉద్యోగి డబ్బే. మామగారికి ఈ అంకె చూపించండి. ఇది ప్రభుత్వం పెట్టే దానం కాదు, మీరు నెలనెలా ప్రీమియం కట్టిన ఇన్సూరెన్స్. యూఐ కూడా మీ జీతాన్ని బట్టి మీ కంపెనీ కట్టిన పన్నులోంచే వస్తుంది. నిరుద్యోగ భృతిని పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడటం) కింద చూడకూడదన్నదే గ్రీన్ కార్డులు చూసే యూఎస్‌సీఐఎస్ విధానం. ఇమ్మిగ్రేషన్ రూల్స్ ఎప్పుడెలా మారతాయో చెప్పలేం కాబట్టి, గ్రీన్ కార్డు ఫైల్ చేసేముందు లాయర్ని ఒక్క మాట అడగండి. అంతకు మించి భయపడాల్సిన పని లేదు.

మీ క్లెయిమ్ జూలై 13 ఆదివారం నుంచి మొదలైందనుకుందాం. మొదటి వారం వెయిటింగ్ పీరియడ్, డబ్బు రాదు. జూలై 20 నుంచి అక్టోబర్ 11 దాకా 12 వారాలు. మీ జీతానికి వారానికి గరిష్ఠంగా ఇచ్చే 450 డాలర్లూ వస్తాయి. మొత్తం 5,400. ఈలోగా ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది, చేరిపోండి.

డ్యూ డేట్‌కు నాలుగు వారాల ముందు, అంటే అక్టోబర్ 13 సోమవారం నుంచి, మామూలు గర్భానికి కూడా డాక్టర్లు డిసెబిలిటీ రాస్తారు. కాన్పు అయ్యాక మరో ఆరు వారాలు, సిజేరియన్ అయితే ఎనిమిది వారాలు. బీపీ, షుగర్ లాంటివి ఉండి డాక్టరే ముందుగా విశ్రాంతి తీసుకోమంటే అప్పటి నుంచే మొదలవుతుంది. డాక్టర్ని బతిమాలి ముందు తేదీ రాయించుకోవడం మాత్రం వద్దు.

ఎస్‌డీఐ మొత్తం మీరు ఎక్కువ సంపాదించిన మూడు నెలల జీతాన్ని బట్టి కడతారు. అక్టోబర్–డిసెంబర్ మధ్య మొదలయ్యే క్లెయిమ్‌కి చూసే కాలం 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 దాకా. అంటే మీరు పూర్తిగా పని చేసిన ఏడాది. క్వార్టర్‌కి 24,000 డాలర్లు, దాన్ని 13 వారాలతో భాగించి 70 శాతం తీస్తే వారానికి సుమారు 1,292. యూఐ 450 ఎక్కడ, ఇదెక్కడ! అందుకే డాక్టరు రాసిన తేదీ వచ్చాక కూడా మొహమాటానికో బద్ధకానికో యూఐలోనే ఉండిపోకండి. అది రూల్‌కి విరుద్ధం, పైగా నష్టం. ఈ 70 శాతం లెక్క 2025 జనవరి నుంచి వచ్చింది, తక్కువ జీతాల వాళ్లకు 90 శాతం దాకా ఇస్తారు. 2025లో గరిష్ఠం వారానికి 1,681.

ఇక్కడ అందరూ తడబడే చోటు ఒకటుంది. ఎస్‌డీఐలో మొదటి ఏడు రోజులకు డబ్బు రాదు. క్లెయిమ్ కూడా ముందుగా వేయకూడదు. డిసెబిలిటీ మొదలైన తొమ్మిది రోజుల తర్వాతే, అంటే మీ విషయంలో అక్టోబర్ 22 నుంచి వేయాలి. 49 రోజులు దాటకూడదు కాబట్టి నవంబర్ ఆఖరు దాకా గడువుందనుకోండి, కానీ అప్పటిదాకా ఆగితే చేతిలో బిడ్డ ఉంటుంది! ఆన్‌లైన్‌లో మీ భాగం నింపగానే ఒక రసీదు నంబరు వస్తుంది. అది వెంటనే డాక్టరు ఆఫీసుకి ఇవ్వండి. వాళ్లు తమ భాగం నింపేదాకా మీ ఫైలు కదలదు. నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడే. ఈ కాగితాలు ఎవరు చూస్తారో సెప్టెంబర్ చెకప్‌లోనే రిసెప్షన్‌లో అడిగి పెట్టుకోండి. మీ వైపు నుంచీ డాక్టరు వైపు నుంచీ అంతా సవ్యంగా అందాక కూడా రెండు వారాలు పడుతుంది. అంటే అక్టోబర్ రెండో వారం నుంచి నవంబర్ మొదటి వారం దాకా, సరిగ్గా కార్ సీటూ ఉయ్యాలా కొనే రోజుల్లో, మీ పేరున ఒక్క డాలరూ రాదు. ఆ నాలుగు వారాల కోసం యూఐ డబ్బులోంచి ఒక 1,800 డాలర్లు ఇప్పటి నుంచే విడిగా పెట్టండి.

కాన్పు అయ్యాక తేదీ, మామూలు కాన్పా సిజేరియనా అన్నది ఈడీడీకి తెలియజేయండి. డిసెబిలిటీ ఆఖరి చెల్లింపుతో పాటు వాళ్లే పీఎఫ్ఎల్‌కి, అంటే బిడ్డతో గడపడానికి ఇచ్చే పెయిడ్ ఫ్యామిలీ లీవ్‌కి మారే ఫారం పంపుతారు. దానికి వేరే కొత్త అప్లికేషన్ వేయకండి, రెండూ గజిబిజి అవుతాయి. పీఎఫ్ఎల్ ఎనిమిది వారాలు, రేటు అదే, మళ్లీ వెయిటింగ్ వారం లేదు. అయితే అక్కడ కూడా ఉద్యోగంలో గానీ, వెతుకులాటలో గానీ ఉన్నారా అన్న ప్రశ్న ఉంటుంది. ఇందాక చెప్పిన షీట్ అప్పుడు అక్కరకొస్తుంది.

మామూలు కాన్పు అనుకుంటే డిసెబిలిటీ పది వారాల్లో డబ్బు రాని మొదటి వారం పోగా తొమ్మిది వారాలకు 11,628, పీఎఫ్ఎల్ ఎనిమిది వారాలకు 10,336. ముందు వచ్చిన 5,400 కలిపితే 27,364 డాలర్లు. ఫిబ్రవరి మధ్యకి ఇవన్నీ అయిపోతాయి. అప్పటికీ ఉద్యోగం లేకపోతే యూఐలో మిగిలిన 14 వారాలు మళ్లీ తెరిపించుకోవచ్చు, 2026 జూలై రెండో వారంలో క్లెయిమ్ ఏడాది ముగిసేలోగా. ఆ దఫా బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉందా అని అడగొచ్చు. ఉంటేనే పనికి సిద్ధంగా ఉన్నట్టు.

పన్ను సంగతి క్లుప్తంగా. కాలిఫోర్నియా వీటి మీద పన్ను వేయదు. ఫెడరల్‌లో యూఐకీ పీఎఫ్ఎల్‌కీ పన్ను ఉంది. ఎస్‌డీఐకి మామూలుగా ఉండదు కానీ, యూఐలో ఉండి అందులోకి మారితే దాన్ని యూఐకి బదులుగా వచ్చినట్టు చూస్తారు, అప్పుడు పన్ను పడుతుంది. జనవరిలో 1099-జీ అనే పన్ను ఫారం వస్తుంది. యూఐలో 10 శాతం పట్టుకోమని టిక్ పెట్టే వీలుంది, పెట్టండి. మీవారి జీతంతో కలిపితే మీరు 22 శాతం శ్లాబులో పడితే అది సరిపోదు, మిగతాది మీరే పక్కన పెట్టాలి.

కొన్ని జాగ్రత్తలు. సీమంతం అనో అమ్మను చూసి రావాలనో ఇండియా వెళ్తే ఆ వారాలకు యూఐ అడగకండి, ఇక్కడ పనికి అందుబాటులో లేనట్టే. మీ ఈఏడీ కార్డు గడువు ఎప్పుడో ఈ రోజే చూసుకోండి, పని చేసే అనుమతి లేని రోజులకు యూఐ రాదు. ఎస్‌డీఐ, పీఎఫ్ఎల్‌కి ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడ్డు కాదు. హెచ్-1బి మీద లేఆఫ్ అయి ఇదే ప్రశ్న రాసిన ఇద్దరు ముగ్గురికి కూడా ఇదే తేడా. ఎవరి దగ్గరైనా చేరే స్వేచ్ఛ లేదు కాబట్టి యూఐ దగ్గర చిక్కొస్తుంది, డిసెబిలిటీకి ఆ చిక్కు లేదు.

మీ అక్క విషయంలో ఎవరి తప్పూ లేదు. టెక్సస్‌లో రాష్ట్ర డిసెబిలిటీ పథకమే లేదు. ఎడిసన్‌లో ఉండి ఉంటే న్యూజెర్సీ ఇచ్చేది. అమెరికాలో ఈ డబ్బు మీరు పని చేసిన రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ఒక చోటి అనుభవం ఇంకో చోటికి పనికిరాదు.

గర్భం సంగతి చెప్పిన రెండు వారాలకే ప్రాజెక్టు ఆగిందన్నారు. అది యాదృచ్ఛికమే కావొచ్చు. కాకపోవచ్చు కూడా. లీడ్‌కి ఏ తేదీన ఏం చెప్పారో, ఈమెయిల్ ఉందో లేదో, మిగతా టీమ్‌లో ఎవరినైనా తీసేశారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. కాలిఫోర్నియాలో సివిల్ రైట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయడానికి మూడేళ్ల గడువుంది. కాన్పు అయ్యాక లాయర్‌తో మాట్లాడొచ్చు, ఈ టెన్షన్ కూడా ఇప్పుడే నెత్తిన పెట్టుకోవద్దు.

చివరగా మీవారికి ఒక మాట. పీఎఫ్ఎల్ ఆయనకూ ఎనిమిది వారాలు విడిగా ఉంది, మీదాంతో సంబంధం లేకుండా. మన వాళ్లలో చాలామంది మగవాళ్లు ‘అత్తగారు వస్తున్నారుగా, నేనెందుకు’ అని వదిలేస్తారు. అది బిడ్డ పుట్టిన ఏడాదిలోగా ఎప్పుడైనా, విడతలుగా కూడా తీసుకోవచ్చు. మీ అమ్మగారు వస్తే ఎలాగూ ఆరు నెలలకు తిరిగి వెళ్లాలి. ఆవిడ విమానం ఎక్కిన మర్నాటి నుంచి ఆయన లీవు మొదలయ్యేలా చూసుకుంటే, మీరు ఇంటర్వ్యూలకు ప్రశాంతంగా కూర్చోవచ్చు. ఆయన కంపెనీలో ఏడాది నిండి, 1,250 గంటలు పని చేసి ఉంటే ఆ లీవులో ఉద్యోగానికీ రక్షణ ఉంటుంది. పీఎఫ్ఎల్ డబ్బు మాత్రమే ఇస్తుంది, ఉద్యోగాన్ని కాపాడేది సీఎఫ్ఆర్ఏ అనే వేరే చట్టం. హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు ఆ రెండో పేరు కూడా రాయమనండి. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా ఆయన ఆఫీసు ఇన్సూరెన్స్‌లో పేరు ఎక్కించడం కూడా ఆయన పనే.