దొరకని స్ట్రిప్ కోసం కారు షెడ్డుకి వెళ్ళకండి, కంచరి దగ్గరకి వెళ్ళండి

మీరు అడిగింది ఇదీ: పాత ఓపెన్ టాప్ కారు బాగుచేసుకుంటున్నారు, ఎడమ పక్కన ఉండాల్సిన మెరిసే స్ట్రిప్ లేదు, ఎక్కడా దొరకడం లేదు, వైజాగ్‌లో చేయించడం అవుతుందా, ఎంతవుతుంది అని.

అవుతుంది. నేను చేయించాను. కాకపోతే కారు షెడ్డులో కాదు. గుడి తలుపులకి, గడపలకి ఇత్తడి రేకు తొడిగే మనిషి దగ్గర. రేకుని వంపు మీద ముడత పడకుండా కూర్చోబెట్టడం వాళ్ళకి తెలిసినంతగా ఏ మెకానిక్‌కీ తెలియదు.

మాది 1958 మోరిస్ మైనర్ 1000 కన్వర్టిబుల్. మా నాన్నగారి బండి. లాసన్స్ బే కాలనీలో ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పక్కింటి బాదం చెట్టు దాని మీద కూలింది. టాపు గుడ్డ చిరిగిపోయింది, బానెట్ సొట్ట పడింది, బానెట్ నడుమ నిలువుగా ఉండే క్రోమ్ పట్టీ ఊడి ఎటు పోయిందో తెలియలేదు. కరెంటు లేని ఆ రోజుల్లో నాన్నగారు విరిగిన కొమ్మలు ఒక్కొక్కటే లేపి పట్టీ కోసం వెతికేవారు. నీళ్ళ టాంకరు వస్తే కూడా వెళ్ళేవారు కాదు.

అంత బాధ ఎందుకంటే మైనర్‌కి ఆ పట్టీయే ముఖానికి బొట్టు లాంటిది. ఆ కారు గీసిన అలెక్ ఇసిగోనిస్, తయారీ మొదలవబోయే ముందు నమూనా బండిని నిలువునా రెండుగా కోయించి నాలుగు అంగుళాలు వెడల్పు చేయించాడు. అందుకే బానెట్ మధ్యలో నాలుగంగుళాల మేర ఉబ్బెత్తు భాగం కనిపిస్తుంది. దాని మీద పట్టీ లేకపోతే బండి బోసిపోతుంది.

మైనర్ భాగాలు ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. తెప్పించాను. పార్శిల్ ఖర్చు, కస్టమ్స్ కలిపి పట్టీ ధర కంటే ఎక్కువైంది. తీరా బానెట్ మీద పెట్టి చూస్తే రెండు చివర్లూ ఆనుతున్నాయి, మధ్యలో వేలు దూరేంత సందు. పట్టీలో తప్పు లేదు. సొట్ట తీసినప్పుడు మా బానెట్ వంపు మారిపోయింది. అరవై ఏళ్ళలో ఏ బండయినా ఎక్కడో ఒకచోట దెబ్బ తిని, సాగి, మళ్ళీ అతుక్కుని ఉంటుంది. దానికి కొత్త ముక్క సరిగ్గా కూర్చోవడం అదృష్టమే.

వన్ టౌన్ సందులో ఒక పెద్దాయన కలశాలు, మకర తోరణాలు చేసేవారు. ఫొటోలు, కాయితం మీద కొలతలు తీసుకుని వెళ్ళాను. ఆయన అవి చూడనైనా లేదు. "కాయితం ఏటి సేసుకుంటాను బాబూ, బండి అట్టుకురా" అన్నారు. బండి కదలదంటే మర్నాడు పొద్దున్న ఆటోలో ఆయనే మా ఇంటికి వచ్చారు. బానెట్ మీద పాత గుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని అరచేత్తో ముందు నుంచి వెనక్కి రెండుసార్లు నిమిరారు. మూడోసారి సుద్దముక్కతో రెండు చోట్ల గీత పెట్టారు. స్కేలు పెట్టి చూశాను. సరిగ్గా ఆ రెండు చోట్లే వంపు తప్పింది.

అట్టముక్కని వంపుకి సరిపోయేదాకా కత్తిరించి, దాని ప్రకారం టేకు దిమ్మ మీద గాడి చెక్కారు. అదే అచ్చు. ఇరవై గేజ్ ఇత్తడి రేకుని నీడలో మసక ఎరుపు కనిపించేదాకా కాల్చి నీళ్ళలో ముంచారు. ఇనుమైతే అలా గట్టిపడుతుంది, ఇత్తడి మెత్తబడుతుంది. చెక్క సుత్తితో గాడిలోకి దించుతూ, గట్టిపడగానే మళ్ళీ కాల్చి, చింతపండు పులుసుతో కడిగి, మళ్ళీ దించారు. అలా ఐదుసార్లు. వెనక బిగించే స్టడ్లని వెలిగారం వేసి వెండి టంకంతో అతికారు. మెరుగు పెట్టకముందే అతకాలి, తర్వాత కాలిస్తే మెరుపు పోతుంది.

ఇంత పని, ఇత్తడి మీద క్రోమ్ పూత వేసే ప్లేటింగ్ షాపులో పాడైపోయింది. మెరుగు పెట్టే బఫ్ చక్రం మీద గట్టిగా నొక్కి, ఆయన ఆకురాయితో తీర్చిన పదునైన అంచుని గుండ్రంగా అరగదీశారు. అడిగితే "మెరుస్తోంది కదా సార్" అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెద్దాయన ఒక్క మాట అనకుండా రెండోది చేశారు. ఈసారి ఇసుక కాగితంతో నున్నగా ఆయన చేత్తోనే రుద్ది ఇచ్చి, బఫ్ ముట్టొద్దని చెప్పించారు. మీరు కూడా ప్లేటింగ్ వాళ్ళకి ఇది రాసిచ్చి, పక్కనే నిలబడండి.

మన ఊళ్ళో ఇనుము మీద క్రోమ్ చేయించొద్దు. పైన కనిపించే క్రోమ్ పొర మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొద్ది వంతు మాత్రమే. కాపాడేది కింద ఉన్న నికెల్. దానికి సన్న రంధ్రం పడితే చాలు, ఉప్పుగాలి దూరి లోపల తుప్పు బొబ్బలు లేస్తాయి. ఇత్తడికైతే మహా అయితే చిలుము పడుతుంది. నికెల్ మందంగా వేయమని అడగండి, ఖర్చు తగ్గించుకునే చోటు అది కాదు. ఇంకొకటి, ఇత్తడి స్టడ్ నేరుగా ఇనప బానెట్‌కి తగలకూడదు. ఉప్పు తడిలో ఆ రెండూ కలిస్తే ఇనుమే తినేయబడుతుంది. నేను ముందు రబ్బరు వాషర్లు వేయలేదు. ఒక్క వర్షాకాలానికే రంధ్రాల చుట్టూ ఎర్రటి మరక వచ్చింది.

మీకు కుడి పక్క స్ట్రిప్ ఉందన్నారు, అది పెద్ద ఆసరా. కానీ దాన్ని అచ్చుగా వాడి ఎడమది చేయించకండి. ఎడమ పక్క వంపు విడిగా తీయించండి. కుడిది స్టీల్ అయితే ఇత్తడి మీద క్రోమ్ దాని పక్కన కాస్త నీలంగా కనిపిస్తుంది, కాబట్టి రెండూ కొత్తగా చేయించడమే మంచిది. పెద్దాయన నా దగ్గర రేకు, కూలి తప్ప పైసా ఎక్కువ తీసుకోలేదు. ప్లేటింగే దానికి రెండింతలైంది. మీది పొడవు, వెడల్పు చూడకుండా ఇంత అని నేను చెప్పలేను.

పెద్దాయన ఇప్పుడు పని చేయడం లేదు, చూపు తగ్గింది. వాళ్ళబ్బాయి ఏసీ రిపేర్లలో ఉన్నాడు. టేకు అచ్చు మాత్రం మా ఇంట్లో గుడ్డ చుట్టి ఉంది. మీది మైనరే అయి, ఎప్పుడైనా బానెట్ పట్టీ కావాల్సివస్తే అది తీసుకెళ్ళండి. అందులో సుద్ద గీతలు రెండు ఉంటాయి, అవి మా బండి సొట్టవి. అక్కడ మాత్రం మీ బండిని నిమిరి చూసుకుని దిద్దించుకోండి.