బ్లాగులుండగా ఇంకా జిరాక్స్ పత్రికలెందుకు?

బ్లాగుకి పైసా ఖర్చు లేదు, ప్రపంచమంతా చదువుతుంది, మరి కాగితాలకి పిన్ను కొట్టి పంచడమేమిటని అడిగారు. ప్రపంచమంతా చదువుతుందన్న మాటే నేను నమ్మను. ఫోన్లో ఎవరూ చదవరు, వేలితో తోసుకుంటూ పోతారు.

విజయనగరంలో మేం కొందరం పాత పాటల పిచ్చోళ్లం కలిసి కొన్నాళ్లు ఓ చిన్న పత్రిక నడిపాం. రెండు ఏఫోర్ కాగితాలు మధ్యకి మడిస్తే ఎనిమిది పేజీలు. ఎనిమిది పక్కన ఒకటి, రెండు పక్కన ఏడు రావాలి. ఈ లెక్క జిరాక్స్ షాపు కుర్రాడికి ప్రతి నెలా మొదట్నుంచీ చెప్పాల్సిందే. వెనకవైపు తలకిందులుగా కొట్టి, "తిప్పుకుని చదూకోవచ్చు కదండీ" అనేవాడు.

ఓ సంచికలో ఒక పాట హిందోళం రాగంలో ఉందని రాశాం. ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరండీ ఇది, ఊరికే వదులుతారా? మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులో పెట్టిన కాపీకి వారం తిరిగేసరికి మార్జిన్ కనబడలేదు. ఎవరో పచ్చ సిరాతో "హిందోళం కాదు, చంద్రకౌన్స్. నిషాదం వినండి" అని రాశారు. రెండు రాగాలకీ తేడా ఆ నిషాదమే, అంటే 'ని' స్వరమే మరి. దాని కింద పెన్సిల్‌తో ఇంకొకాయన: "విన్నాను. తమరి రికార్డు అరిగిపోయినట్టుంది." ఆ పక్కన స్వరాలు, బాణం గుర్తులు, గ్లాసు మరక. అడుగున ఎవరిదో ఖాతా లెక్క కూడా: రెండు టీలు, ఒక బన్ను. ఆ పేజీని మరకతో సహా జిరాక్స్ తీయించి తర్వాతి సంచికకి అట్టగా వేశాం. కాపీలు చాల్లేదు. రాగం సంగతి ఇప్పటికీ తేలలేదు.

అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు 1930 నుంచీ ఇలాంటివి వేసుకున్నారు. వాళ్ల దగ్గరా పాఠకుల ఉత్తరాల్లో కొట్లాటలే అసలు రుచి.

బ్లాగంటారా, మావాడొకడు పెట్టాడు. బాగా రాసేవాడు కూడా. ఇప్పుడు పాస్‌వర్డ్ వాడికే గుర్తులేదు, ఫొటోలుండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. శ్రీకాకుళంలో కథారచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన తెలుగు కథల లైబ్రరీ, కథానిలయానికి ఓసారి వెళ్లి చూడండి. ఎప్పుడో మూతపడ్డ పత్రికలు కూడా చేతికి దొరుకుతాయి. వాటికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

మళ్లీ మొదలెడదామని ఉంది. రాసేవాళ్లున్నారు, చందా దగ్గరే తిరకాసు. బన్నుకి లెక్క చూడనివాళ్లు కూడా పత్రిక అనేసరికి "వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టేయండి మాస్టారూ" అంటున్నారు. పెట్టను. కావాలంటే టీ కొట్టుకొచ్చి చదువుకోమనండి.