పిల్లాడి స్టంట్ స్కూటరు కొనేముందు ఏం చూడాలి? హ్యాండిల్ ఎందుకు ఊగుతుంది?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. మీది ఒంగోలు, బాబుకి పదేళ్లు. బొమ్మల షాపులో కొన్న మడత స్కూటరు (కాలితో తోసుకుంటూ పోయే రెండు చక్రాల బండి) మీద గంతులేస్తే రెండు నెలలకే హ్యాండిల్ గడగడలాడుతోంది. మంచిది కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే హెచ్‌ఐసీ, ఎస్‌సీఎస్, 34.9 అంటూ ఏవేవో లెక్కలు కనబడ్డాయి. చేతిలో ఎనిమిది వేలున్నాయి. ఇదే కదండీ?

మూడేళ్ల కిందట నెల్లూరులో నాదీ ఇదే టెన్షన్. నేను మెకానిక్‌ని కాదు. ఒక పిల్లాడి తల్లిని, డబ్బు తగలేసి నేర్చుకున్నదాన్ని.

మొదట ఆ ఊగుడు సంగతి. మడత స్కూటరుకి కింద ఒక కీలు ఉంటుంది, అదే దాని బలహీనత. నేల మీద దొర్లినంతసేపు ఏం కాదు. పిల్లకాయలు గాల్లోకి లేచి దబ్బున దిగితే ఆ బరువంతా కీలు మీద పడి, పిన్ను ఉండే బెజ్జం పెద్దదైపోతుంది. ఇక ఎన్నిసార్లు బిగించినా అంతే. అసలు ఈ మడత బండిని గంతుల కోసం చేయలేదు. 1990ల్లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో విమ్ ఔబోటర్ అనే ఆయనకి ఇష్టమైన సాసేజీలు అమ్మే కొట్టు ఒకటి ఉండేదట, నడిస్తే దూరం, కారు తీస్తే సిగ్గనిపించేంత దగ్గర. ఆ మధ్య దూరం కోసం ఆయన చేసుకున్న బండి ఇది. 2000 నాటికి రేజర్ పేరుతో అమెరికా పిల్లలందరి చేతుల్లోకి వచ్చింది. వాళ్లు ఊరుకుంటారా? గోడలెక్కించారు, మెట్లు దూకించారు, విరగ్గొట్టారు. అలా మడత లేకుండా, కాళ్లు పెట్టే పలకనీ (డెక్) ముందు నిలువు గొట్టాన్నీ (తల) కలిపి వెల్డింగు చేసిన స్టంట్ స్కూటర్లు పుట్టాయి. మీరు వెతకాల్సింది దాన్ని. 200 మిల్లీమీటర్ల పెద్ద చక్రాల స్కూటర్లు కూడా కనబడతాయి. అవి దారిన పోవడానికే, వాటిని వదిలేయండి.

ఇక భాగాలు. కాళ్లు పెట్టే పలక పేరు డెక్. ఎక్కువగా 6061 రకం అల్యూమినియంతో చేస్తారు. వెడల్పు మామూలుగా నాలుగున్నర నుంచి ఆరు అంగుళాల దాకా ఉంటుంది. పదేళ్ల పిల్లాడికి నాలుగున్నర, నాలుగుముప్పావు చాలు. పైన గరుకు కాగితం లాంటి గ్రిప్ టేప్ అంటించి ఉంటుంది, అరిగితే మార్చుకోవచ్చు. కొనేముందు ఫొటోని పెద్దది చేసి, డెక్‌కీ ముందు నిలువు గొట్టానికీ మధ్య అతుకు చూడండి. అక్కడ బోల్టులు కాకుండా నిండుగా వెల్డింగు ఉండాలి. వెనక బ్రేకు చక్రం మీద వంగే రేకే. మడమతో నొక్కడమే, అందులో చెప్పడానికేం లేదు.

అసలు కథ తల దగ్గర ఉంది. ముందు చక్రాన్ని పట్టుకునేది ఫోర్కు. దాని గొట్టం డెక్ తలలోంచి పైకొస్తుంది. తలలో కిందా పైనా రెండు బేరింగులు ఉంటాయి, ఆ జతని హెడ్‌సెట్ అంటారు. పైకొచ్చిన గొట్టం మీద టీ ఆకారపు హ్యాండిల్ కూర్చుంటుంది, దాన్ని బిగించే పట్టీ క్లాంపు. ఇవన్నీ కలిపి తలలోకి గట్టిగా లాగి ఉంచే ఏర్పాటుని కంప్రెషన్ అంటారు. మిమ్మల్ని భయపెట్టిన ఇంగ్లీషు అక్షరాలన్నీ ఈ కంప్రెషన్ రకాల పేర్లే.

హెచ్‌ఐసీలో ఫోర్కు గొట్టం మీద షిమ్ అనే ఒక తొడుగు ఎక్కిస్తారు. దాని మీద లావుపాటి హ్యాండిల్ వస్తుంది, బయటి కొలత 34.9 మిల్లీమీటర్లు. ఐహెచ్‌సీలోనూ తొడుగు ఉంటుంది కానీ పల్చగా ఉంటుంది, అక్కడ ఫోర్కు గొట్టమే పైన సన్నగా చేసి ఉంటుంది. అందుకని దాని మీదికి 31.8 కొలత హ్యాండిల్ సరిపోతుంది. ఈ రెండింటికీ హ్యాండిల్ అడుగున నిలువుగా ఒక చీలిక ఉండాలి, క్లాంపు నొక్కినప్పుడు గొట్టం దగ్గరికి రావడానికి. ఎస్‌సీఎస్‌లో క్లాంపే ఎత్తుగా, బరువుగా ఉంటుంది. నాలుగు బోల్టుల్లో పై రెండూ హ్యాండిల్‌ని, కింది రెండూ ఫోర్కునీ పట్టుకుంటాయి. దీనికి చీలిక ఉన్న హ్యాండిల్ పనికిరాదు. ఐసీఎస్‌లో పొడుగు బోల్టు ఫోర్కు అడుగు నుంచి పైకి పోతుంది. బిగించాలంటే ప్రతిసారీ ముందు చక్రం విప్పాలి. అది నాకు నచ్చదు.

హ్యాండిల్, క్లాంపు, ఫోర్కు మూడింటిదీ ఒకే ఇంటిపేరు అయ్యుండాలి. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను.

మావాడి మొదటి స్టంట్ స్కూటరు ఐహెచ్‌సీది. ఏడాదిలో వాడు పొడుగయ్యాడు, హ్యాండిల్ పొట్టిదైంది. నీళ్ల మీద పెట్రోలు తేలినట్టు ఏడు రంగుల్లో మెరిసే హ్యాండిల్ ఒకటి చూపించి "అమ్మా, ఇదే కావాలి" అన్నాడు. రంగు చూసి నేనూ పడిపోయాను, కొలత చూడలేదు. వచ్చాక చూస్తే అది 34.9, క్లాంపులోకి దూరలేదు. సరే, పెద్ద క్లాంపు తెప్పించాను. ఇప్పుడు హ్యాండిల్ లోపల ఖాళీ, గొట్టం మీద లొడలొడ. మా వీధి సైకిల్ షాపు భాయ్ దగ్గరికి తీసుకెళ్తే "ఏముందమ్మా, రేకు చుట్టి బిగిస్తే బిగుసుకుపోద్ది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, సైకిల్ సీటు గొట్టానికి రేకు చుట్టడం చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం. చుట్టించాను. మూడో రోజు వాడు గంతేసి దిగేసరికి చక్రం ఒక వైపు, హ్యాండిల్ ఇంకో వైపు. గడ్డం చెక్కుకుపోయింది. పళ్లు మిగిలాయి, అదే పదివేలు. చివరికి 31.8 కొలతలో ఎత్తు సరిపోయే నల్ల హ్యాండిల్ కొని, పాత క్లాంపే వేశాం. ఆ ఏడు రంగులది అటక మీద ఉంది. రెండు హ్యాండిళ్లూ ఒక క్లాంపూ కలిపి సగం స్కూటరు ఖర్చయింది.

అందుకే మొదటిసారి విడిభాగాల జోలికి పోకండి. అన్నీ బిగించి వచ్చే కంప్లీట్ స్కూటరు కొనండి. దాని కంప్రెషన్ ఏది, హ్యాండిల్ బయటి కొలత ఎంత అన్నవి మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత పనికొస్తుంది.

కొత్త స్కూటరైనా హ్యాండిల్ ఊగుతోందా? చాలామంది క్లాంపు బోల్టులు ఇంకా బిగిస్తారు. బోల్టు మరలు పోవడం తప్ప ఊగుడు ఆగదు. ముందు చక్రాన్ని గోడకి ఆనించి, ఫోర్కు తలలోకి వెళ్లే చోట వేలు పెట్టి, హ్యాండిల్‌ని ముందుకీ వెనక్కీ కదపండి. వేలికి టకటక తగిలిందంటే కంప్రెషన్ వదులైనట్టు. అప్పుడు క్లాంపుని పూర్తిగా వదులు చేయాలి, ఇది మర్చిపోతే చేసిందంతా వృథా. ఆ తర్వాత హ్యాండిల్ పైకి తీసి, ఫోర్కు గొట్టం పైన ఉండే కంప్రెషన్ బోల్టుని (ఐసీఎస్‌లో అయితే అడుగున ఉంటుంది) పావు చుట్టు చొప్పున బిగిస్తూ చూడండి. టకటక ఆగాలి. కానీ ముందు భాగం పైకెత్తితే చక్రం తన బరువుకి తానే పక్కకి తిరగాలి. తిరగకపోతే ఎక్కువైందని అర్థం, కొంచెం వెనక్కి తిప్పండి. ఇప్పుడు హ్యాండిల్‌ని చక్రానికి సూటిగా పెట్టి, క్లాంపు బోల్టులు ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం, మార్చి మార్చి బిగించాలి. దీనికి ఎల్లెన్ కీల (ఆరు మూలల బోల్టుల్లో దూరే వంపు రెంచీల) సెట్టు ఒకటి చాలు. కొత్త బండికి మొదటి వారం రోజూ చూడండి, తర్వాత వారానికోసారి చాలు.

హ్యాండిల్ ఎత్తు విషయంలో మనవాళ్లందరం చేసే తప్పొకటి ఉంది. ఎదిగే పిల్లాడు కదా అని రెండు సైజులు పెద్ద చొక్కా కొన్నట్టు పొడుగు హ్యాండిల్ కొంటాం. స్టంట్లకి అది అడ్డం. బూట్లేసుకుని డెక్ మీద నిలబడితే హ్యాండిల్ పైభాగం మొలతాడుకీ బొడ్డుకీ మధ్య ఉండాలి. పొడుగైతే అడుగున కోయించొచ్చు. కానీ చీలిక ఉన్న రకమైతే కోశాక చీలికని మళ్లీ పైదాకా కోయించాలి.

చక్రాల సంగతికొస్తే, పదేళ్ల వాడికి 110 మిల్లీమీటర్లు సరిపోతాయి. 100వి చిన్న పిల్లలకి, 120వి పెద్ద పిల్లలకి. పైన పాలీయూరిథేన్, లోపల ప్లాస్టిక్కో అల్యూమినియమో ఉంటుంది. ప్లాస్టిక్ లోపలిది గట్టిగా దిగితే పగులుతుంది, కాబట్టి అల్యూమినియం కోర్ ఉన్నదే అడగండి. మందం 24 మిల్లీమీటర్లు మామూలు. 30వి ఫోర్కు, డెక్ రెండూ అందుకు తగ్గట్టు ఉంటేనే పడతాయి.

బేరింగులు మాత్రం మన ఊళ్లలోనే దొరుకుతాయి, అదొక్కటే మన అదృష్టం. చాలా స్కూటర్లకి 608 అనే సైజు: లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. ఆమధ్య పిల్లలు వేళ్ల మీద తిప్పిన స్పిన్నర్ బొమ్మలో ఉండేది కూడా ఇదే. చక్రానికి రెండు చొప్పున నాలుగు కావాలి. బేరింగుల షాపులో 608 అడిగితే జెడ్‌జెడ్ కావాలా, టూ ఆర్‌ఎస్ కావాలా అంటారు. జెడ్‌జెడ్‌కి రేకు మూత, టూ ఆర్‌ఎస్‌కి రబ్బరు మూత. మనకి రబ్బరు మూతదే మంచిది. మావాణ్ణి ఒకసారి మైపాడు బీచికి స్కూటరుతో తీసుకెళ్లాం. ఇంటికొచ్చి ఇసక పోవాలని నేనే పైపుతో నీళ్లు కొట్టాను. పది రోజులకి చక్రాలు గరగరలాడాయి, విప్పితే లోపల తుప్పు. మీకు కొత్తపట్నం బీచి దగ్గరే కదా, జాగ్రత్త. నీళ్లు వద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మరీ మురికైతే బేరింగుల్ని కిరోసిన్‌లో కడిగి, బాగా ఆరనిచ్చి, రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేయండి. మా అత్తయ్య కొబ్బరినూనె వేసి చూశారు. జిగురై దుమ్మంతా దానికే పట్టింది. బేరింగు డబ్బా మీద ఏబెక్ 7, ఏబెక్ 9 అని గొప్పగా రాస్తారు, అది తయారీ కొలతల కచ్చితత్వం మాత్రమే. గంతులకి తట్టుకుంటుందో లేదో అది చెప్పదు.

ఇంకోటి, చక్రంలో రెండు బేరింగుల మధ్య స్పేసర్ అనే చిన్న గొట్టం ముక్క ఉంటుంది. బేరింగులు మార్చేటప్పుడు మాది మురిక్కాలవలోకి దొర్లిపోయింది. అది లేకుండా ఇరుసు బిగిస్తే చక్రం తిరగదు, వదులుగా ఉంచితే ఊగుతుంది. విప్పేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోండి.

సెటప్ అంటే పార్కు, స్ట్రీట్ అని రెండు రకాలు చెప్తారు. పార్కు సెటప్ తేలిగ్గా, పొట్టి డెక్‌తో ఉంటుంది, ర్యాంపుల మీద గాల్లో తిప్పడానికి. స్ట్రీట్ సెటప్‌కి వెడల్పు డెక్, ఎత్తు హ్యాండిల్, అరుగుల అంచు మీద జారడానికి బరువు. మావాడికి ర్యాంపు అంటే సెల్లార్‌లోకి దిగే వాలు, అరుగు అంటే గేటు పక్కనున్న నల్ల గ్రానైటు గట్టు. ఆ గట్టు మీద కొవ్వొత్తి రుద్ది జారడం మొదలుపెట్టాడు, అసోసియేషన్ వాళ్లు మా ఇంటికొచ్చారు. మీరు గ్రానైటు గనులున్న చీమకుర్తి పక్కనే ఉన్నారు కాబట్టి మీ ఇంటి ముందూ గ్రానైటే ఉండొచ్చు. పాలిష్ పట్టిన రాయి మీద కాస్త దుమ్మో తడో ఉన్నా చక్రం సర్రున జారుతుంది. నేర్చుకునేవాడికి సిమెంటు నేలే నయం. మొదటి బండికి పార్కు, స్ట్రీట్ అన్న పేరేదీ వద్దు, మూడు నాలుగు కిలోల మధ్య బరువుండే మామూలు కంప్లీట్ చాలు.

హ్యాండిల్ మీద చేత్తో పట్టుకునే గ్రిప్పులకి చివర ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి. ఊడిపోతే వెంటనే కొత్తవి పెట్టండి, కిందపడితే ఆ గొట్టం అంచు పొట్టలో దిగుతుంది. హెల్మెట్ సైకిల్‌దో స్కేటింగ్‌దో కొనండి, నాన్న బైకు హెల్మెట్ పిల్లాడి మెడకి బరువు.

ఎనిమిది వేలకి మీరు అమ్మేవాళ్లని అడగాల్సినవి: మడత లేదు కదా, వెల్డింగు తలేనా, కంప్రెషన్ ఏది, హ్యాండిల్ కొలత ఎంత, చక్రాలు అల్యూమినియం కోర్ 110వేనా. నాలుగోదానికి జవాబు చెప్పలేకపోతే ఇంకో చోట చూడండి. ఐహెచ్‌సీ అయినా, హెచ్‌ఐసీ అయినా, ఎస్‌సీఎస్ అయినా పదేళ్ల వాడికి తేడా తెలియదు.

పాత మడత స్కూటరు పారేయకండి. కీలు దగ్గర కొత్త పిన్ను వేయించి పెట్టాం మాది. పొద్దున్నే పాలప్యాకెట్టుకి మా ఆయన దాని మీదే వెళ్తున్నాడు. వద్దన్నా వినడు, సందు చివర కొట్టుకి బైకు తీయడం దండగంట.