సముద్రం ఒక రోజు, పులికాట్ ఒక రోజు

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నెల్లూరులో మా చెల్లెలి ఇంట్లో దిగి మైపాడు, కృష్ణపట్నం, నేలపట్టు, పులికాట్, శ్రీహరికోట చూడాలనుకుంటున్నాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. కారుంది. ఒక్క రోజులో అవుతుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: కాదమ్మా. కారులో తిరగడం అవుతుంది గానీ చూడడం అవదు. మైపాడు నెల్లూరుకు తూర్పున పాతిక కిలోమీటర్లు. సూళ్లూరుపేట దక్షిణాన ఎనభై దాకా ఉంటుంది. రెండు రోజులుగా విడదీయండి. కృష్ణపట్నం ఈసారికి వదిలేయండి, అది ఓడరేవు. కనుమ, ముక్కనుమ రోజులు కూడా వద్దు, జనం కిక్కిరిసిపోతారు.

మొదటి రోజు మైపాడు బీచి. జనవరిలో మన దగ్గర 6.40 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. తెల్లవారుజామున 5.30కి బయల్దేరితే సూర్యోదయం సముద్రం మీదే చూస్తారు. పదింటికల్లా తిరుగుముఖం పట్టండి, ఆ తర్వాత ఎండ, నీటి మీది మెరుపు పెద్దవాళ్లకు తలనొప్పి తెస్తాయి. మీ అత్తగారిని పొడి ఇసుకలో నడిపించకండి. పాదం దిగబడిన ప్రతిసారీ మోకాలు మెలిపడుతుంది. చెయ్యి పట్టుకుని అలలు తడిపిన గట్టి ఇసుక దాకా తీసుకెళ్లి, అక్కడ మడత కుర్చీ వేయండి. కుర్చీ కాళ్ల కింద చిన్న చెక్క ముక్కలు పెట్టకపోతే ఒక పక్కకి దిగబడుతుంది.

కారు ఇసుకలోకి దించొద్దు. పొరపాటున దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం ఇంకా గొయ్యి తవ్వుకుంటుంది. అందరూ దిగి, చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, టైర్లలో గాలి 20 పాయింట్లకు తగ్గించండి. ఇంజను తిప్పే చక్రాల వెనక కారులోని మ్యాట్లు పరిచి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రండి. హైవే ఎక్కేముందు గాలి మళ్లీ నింపించుకోవడం మరవకండి.

రెండో రోజు పక్షులు. చాలామంది ఫ్లెమింగోల (పొడుగు కాళ్ల గులాబి రంగు పక్షుల) కోసం నేలపట్టు వెళ్లి నిరాశపడతారు. అవి అక్కడ గూళ్లు కట్టవు. నేలపట్టు చెరువు నీళ్లలో నిలిచి ఉండే కడప అనే జాతి చెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు. అవి మేతకు పులికాట్ సరస్సు దాకా వెళ్లొస్తాయి కాబట్టి పొద్దున్నే వెళితే రాకపోకలు కనిపిస్తాయి. దొరవారిసత్రం దగ్గర హైవే నుంచి రెండు కిలోమీటర్లే.

ఫ్లెమింగోలు పులికాట్‌లో ఉంటాయి. ముక్కు తలకిందులుగా ముంచి బురదనీరు వడగట్టుకు తింటాయి కనుక వాటికి లోతు తక్కువ నీళ్లు కావాలి. నవంబరు, డిసెంబరు వానలకు సరస్సు నిండుగా ఉన్న ఏడాది దూరంగా ఉండిపోతాయి. నీళ్లు తగ్గేకొద్దీ రోడ్డు వైపు వస్తాయి. అందుకే కొన్నేళ్లు జనవరి కన్నా ఫిబ్రవరి మేలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వైపు రోడ్డు సరస్సు మధ్యగా తూర్పుకు పోతుంది. చలికాలం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు, కాబట్టి మీ ఎడమ వైపు, అంటే ఉత్తరాన ఉన్న పక్షుల రంగు స్పష్టంగా తెలుస్తుంది. కుడి వైపువి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే) బైనాక్యులర్ ఒకటి ఉంటే చాలు. కారు దిగి దగ్గరికి నడిస్తే గుంపంతా లేచిపోతుంది, ఆ పూటకి మేత పోగొట్టుకుంటాయి. అద్దం దించి లోపలి నుంచే చూపించండి.

శ్రీహరికోట గేటు దాటి ముందస్తు అనుమతి లేకుండా పంపరు. రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.

ప్రశ్న: కొత్తపట్నం బీచిలో అలలు లేని చోట పిల్లల్ని దింపితే క్షేమమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అదే అన్నిటికన్నా ప్రమాదమైన చోటు కావచ్చు. ఒడ్డుకు వచ్చిన నీళ్లు వెనక్కి పోవాలి కదా. ఇసుక మేట తెగిన చోట అవన్నీ ఒకే పాయగా లోపలికి పరుగెత్తుతాయి. అక్కడ లోతెక్కువ, అందుకే అల విరగదు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. నురగ, చెత్త సముద్రంలోకి పోతున్నాయేమో పది నిమిషాలు ఒడ్డున నిలబడి గమనించండి. పిల్లలను వాళ్ల మోకాలి లోతు దాటనివ్వకండి, చెయ్యి వదలకండి. ఎవరైనా లాక్కుపోబడితే ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, పాయ దాటాక అలలతో బయటికి రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటపడి దూకొద్దు. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యానుకు తాడు కట్టి విసరండి, 112కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఒడ్డున కొన్న చేపలు ఇంటికి చేరేసరికి మెత్తబడుతున్నాయి, ఎందుకు?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: ఐసు చాలక. కిలో చేపకు కిలో ఐసు కావాలి. మొప్పలు, పేగులు అక్కడే తీయించి, డబ్బాలో అడుగున ఒక పొర ఐసు, చేప, మళ్లీ ఐసు వేయండి. కరిగిన నీళ్లు పోయేలా అడుగున చిల్లి ఉండాలి. ఆ నీళ్లలో నానినా చేప మెత్తబడుతుంది. డబ్బాను డిక్కీలో ఎండ తగిలే వైపు పెట్టకండి.