ఫ్లాగ్ మార్పు వెంటనే అందాలంటే లిజనర్ వాడండి, అమలు చేసే క్షణాన్ని మాత్రం మీరే నిర్ణయించండి

గూగుల్ యాప్ సేవ అయిన ఫైర్‌బేస్ కన్సోల్‌లో ఫ్లాగ్ (యాప్ ప్రవర్తనను దూరం నుంచే మార్చే సెట్టింగ్) మార్చినా యాప్ వాడుతున్నవారికి గంటల తరబడి పాత విలువే కనిపిస్తోందని, కనీస ఫెచ్ వ్యవధిని (సర్వర్ నుంచి ఒకసారి విలువలు తెచ్చుకున్నాక మళ్లీ తెచ్చుకోవడానికి ఆగాల్సిన సమయాన్ని) సున్నాకు తగ్గించవచ్చా అని మీరు అడిగారు. ఫ్లాగులను యాప్‌కు అందించే ఫైర్‌బేస్ సేవ రిమోట్ కాన్ఫిగ్‌లో ఆ వ్యవధి డిఫాల్టుగా 12 గంటలు కాబట్టి, అంతలోపు ఎన్నిసార్లు ఫెచ్ చేసినా యాప్‌లో ఉండే దాని లైబ్రరీ (ఎస్‌డీకే) తన క్యాష్‌లో దాచుకున్న విలువలనే ఇస్తుంది. పరీక్షించేటప్పుడు సున్నా పెట్టుకోవచ్చు. విడుదలైన యాప్‌లో పెడితే అభ్యర్థనలు మితిమీరి థ్రాట్లింగ్‌కు గురయ్యే, అంటే కొంతసేపు తిరస్కరణకు గురయ్యే, ప్రమాదం ఉంది.

మా చెల్లింపుల యాప్‌లో నేను వాడుతున్నది రిమోట్ కాన్ఫిగ్‌లోని రియల్‌టైమ్ లిజనర్, అంటే మార్పు కోసం కనిపెట్టుకుని ఉండే కోడ్. యాప్ తెరపై ఉన్నంతసేపూ అది సర్వర్‌తో ఒక హెచ్‌టీటీపీ కనెక్షన్‌ను తెరిచి ఉంచుతుంది. కొత్త కాన్ఫిగ్ ప్రచురించగానే కనీస వ్యవధితో నిమిత్తం లేకుండా ఫెచ్ జరిగి, ఏయే కీలు (ఫ్లాగుల పేర్లు) మారాయో మన కోడ్‌కు తెలుస్తుంది. సొంత సర్వర్ ఉన్నవారు సర్వర్ సెంట్ ఈవెంట్స్‌తో (తెరిచి ఉంచిన కనెక్షన్ మీద సర్వరే సందేశాలు పంపే పద్ధతితో) ఇదే పని చేయవచ్చు. అయితే మధ్యలో ఎన్‌జిన్ఎక్స్ అనే ప్రాక్సీ సర్వర్ ఉంటే, సందేశాలను వెంటనే పంపకుండా పోగుచేసే ప్రాక్సీ బఫరింగ్‌ను ఆపాలి, 60 సెకన్ల డిఫాల్టు టైమౌట్‌కు కనెక్షన్ తెగిపోకుండా అప్పుడప్పుడు ఒక ఖాళీ కామెంట్ పంక్తి పంపుతుండాలి. కనెక్షన్ తెగిన సమయంలో వచ్చిన మార్పులు తప్పిపోతాయి కనుక, తిరిగి కలిసిన ప్రతిసారీ మొత్తం ఫ్లాగులను మళ్లీ తెచ్చుకోవడం తప్పనిసరి.

ఇక అసలు జాగ్రత్త అంతా, తెచ్చుకున్న విలువలను అమలు చేసే యాక్టివేట్ అనే ఆదేశం దగ్గరే ఉంది. అది మారిన ఒక్క కీనే కాదు, ఫెచ్ అయిన విలువలన్నింటినీ ఒకేసారి అమల్లోకి తెస్తుంది. వినియోగదారు పంపాల్సిన డబ్బు ఎంతో నమోదు చేసి పిన్ కొట్టబోతున్న క్షణంలో స్క్రీన్ రూపం మారిపోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదని నా గట్టి అభిప్రాయం. అందువల్ల చెల్లింపు మొదలైనప్పుడే దానికి కావలసిన ఫ్లాగులను ఒకసారి చదివి, అది ముగిసేదాకా ఆ ప్రతినే వాడుతాము. ఒక బ్యాంకు మార్గాన్ని అత్యవసరంగా ఆపే ఫ్లాగుకు మాత్రం మినహాయింపు ఇచ్చి, డబ్బు పంపే ముందు దాన్ని తాజాగా చదువుతాము. నెట్‌వర్క్ లేని ఫోనుకు ఏ లిజనరూ కబురు చేర్చలేదు కాబట్టి, అదే తనిఖీని సర్వర్‌లోనూ ఉంచాము. మీరు కూడా ముందుగా ఆ సర్వర్ తనిఖీ నుంచే మొదలుపెట్టండి.